ఆర్‌ఎన్‌ఏ సవరణలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: సికింద్రాబాద్ నుంచి చూసిన ఒక చరిత్ర

పరిచయం

ప్యారడైజ్ కూడలి నుంచి బేగంపేట వైపు వెళ్తే పాత విమానాశ్రయానికి దగ్గరలో కంటోన్మెంటు కాలం నాటి భవనం ఒకటి ఉంది. సర్ రోనాల్డ్ రాస్ పేరు పెట్టుకున్న ఆ పరాన్నజీవ శాస్త్ర సంస్థ ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. సైనిక వైద్యుడైన రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంతవరకు మీరు బడిలో చదువుకున్నదే. ఆ దోమలు తాగిన రక్తం ఎవరిదో మాత్రం పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు. ఆ రోగి పేరు హుస్సేన్ ఖాన్. ఒక్కో దోమ కాటుకు ఒక అణా చొప్పున ఆయనకు ముట్టింది.

ఈ పాఠం మలేరియా గురించి కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎదుగుదలలోనూ చికిత్సలోనూ ఆర్‌ఎన్‌ఏ సవరణల పాత్ర ఏమిటి, ఆ జ్ఞానం మనకు ఎలా సమకూరింది అన్నది ఇక్కడి విషయం. అయినా హుస్సేన్ ఖాన్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. వైద్య విజ్ఞాన చరిత్ర చదివేటప్పుడు ‘ఏం కనుగొన్నారు?’ అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ‘ఎవరి శరీరం నుంచి కనుగొన్నారు? వాళ్లను అడిగారా?’ అని కూడా మీరు అడగాలి. హుస్సేన్ ఖాన్ విషయంలో ఒక బేరమైనా కుదిరింది. ఒకవైపు దొర, మరోవైపు జ్వరంతో పడి ఉన్న రోగి కనుక అది సమానుల మధ్య బేరం కాదు, ఆ మాట వేరు. ఇప్పుడు చూడబోయే చరిత్రలో ఆ అణా కూడా లేదు.

నకలు మీద గుర్తులు

ముందుగా శాస్త్రం సంగతి చూద్దాం. మన కణంలోని డీఎన్‌ఏను రికార్డు గదిలో భద్రంగా ఉన్న అసలు దస్తావేజు అనుకోండి. దాన్ని ఎవరూ బయటికి తీసుకుపోరు. పని జరగాలంటే నకలు తీయాలి. ఆ నకలే సందేశ ఆర్‌ఎన్‌ఏ. నకలును చూసి కణం ప్రొటీన్లు తయారు చేస్తుంది. తాసిల్దారు కార్యాలయంలో పని చేసినవాళ్లకు, అక్కడ చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. నకలులో ఉన్న అక్షరాలు ఎంత ముఖ్యమో దాని అంచున ఎర్ర సిరాతో పెట్టిన చిన్న గుర్తు కూడా అంతే ముఖ్యం. ఏ కాగితం ముందు కదలాలి, ఏది అలమారాలో ఉండిపోవాలి, ఏది చింపి పారేయాలి అన్నది ఆ గుర్తే చెబుతుంది.

ఆర్‌ఎన్‌ఏ మీద కూడా కణం అలాంటి గుర్తులు పెడుతుంది. అక్షరాల వరుస మారదు. ఏదో ఒక అక్షరానికి ఒక చిన్న రసాయన సమూహం అతుకుతుంది, లేదా అక్షరం లోపలి అమరిక కొద్దిగా తిరుగుతుంది. వీటినే ఆర్‌ఎన్‌ఏ సవరణలు అంటాం. ఇప్పటివరకు 170కి పైగా రకాలు తెలిశాయి. మొదట బయటపడినది 1951లో. దానికి తర్వాత స్యూడోయురిడిన్ అని పేరు పెట్టారు. సందేశ ఆర్‌ఎన్‌ఏ లోపల అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గుర్తు మాత్రం ఎన్6-మిథైల్ అడినోసిన్. ‘ఏ’ అనే అక్షరానికి ఆరో స్థానంలో ఒక మిథైల్ సమూహం చేరితే ఏర్పడేది ఇది. దీన్ని పొట్టిగా ఎం6ఏ అంటారు. ఇది 1974లో ఎలుక కణాల్లో కనిపించింది.

ఈ గుర్తు చుట్టూ మూడు రకాల ప్రొటీన్లు పని చేస్తాయి. గుర్తును రాసేవి కొన్ని. వాటిలో ముఖ్యమైనది మెటిల్3. చెరిపేవి కొన్ని. ఎఫ్‌టీఓ, ఏఎల్‌కేబీహెచ్5 ఈ జాతివి. గుర్తును చదివి దాని ప్రకారం నడిపించేవి మరికొన్ని. వైటీహెచ్‌డీఎఫ్2 అనే ప్రొటీన్ గుర్తున్న నకలును పట్టుకుపోయి నాశనం చేయిస్తుంది. ఐజీఎఫ్2బీపీ కుటుంబం దానికి విరుద్ధంగా గుర్తున్న నకలును కాపాడుతుంది. అంటే ఒకే గుర్తు చదివే ప్రొటీన్‌ను బట్టి ప్రాణం పోయగలదు, తీయగలదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తర్వాత వచ్చే చిక్కులన్నీ దీని నుంచి పుట్టినవే.

బాల్టిమోర్ నుంచి వచ్చిన కణం

ఇక్కడ మనం సికింద్రాబాద్ వదిలి కాసేపు అమెరికా వెళ్లాలి, ఎందుకంటే పైన చెప్పిన ప్రొటీన్లలో చాలా భాగం ఒకే ఒక స్త్రీ కణాల సాయంతో తెలిసినవి.

1951 మొదట్లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి యువతి రక్తస్రావంతో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లింది. ఆమె వయసు 30 ఏళ్లు, ఐదుగురు పిల్లల తల్లి. పొగాకు పండించే కుటుంబం. గర్భాశయ ముఖద్వారంలో కణితి ఉందని తేలింది. రేడియంతో చికిత్స చేసే సమయంలో కణితి నుంచి చిన్న ముక్క తీసి జార్జ్ గై ప్రయోగశాలకు పంపారు. ఆమెను అడగలేదు. అప్పట్లో అడిగే ఆనవాయితీ కూడా లేదు. ఆమె 1951 అక్టోబరు 4న చనిపోయింది. కణాలు మాత్రం చావలేదు. గాజు పాత్రలో ఆగకుండా పెరిగిన తొలి మానవ కణ పరంపర అదే. ఆమె పేరులోని మొదటి అక్షరాలతో దానికి ‘హీలా’ అని పేరు పెట్టారు. చాలాకాలం పాటు అసలు పేరు కూడా బయటికి రాలేదు. హెలెన్ లేన్ అని రాసుకుంటూ పోయారు.

హీలా చేసిన మేలు గురించి చెప్పడం మొదలుపెడితే ఈ పాఠం అక్కడే ఆగిపోతుంది. పోలియో టీకా పరీక్షలు మొదలు ఎన్నో పనుల్లో అది ఉంది. తెలుగు ప్రాంతం నుంచి అమెరికా వెళ్లిన పోటు ఎన్. రావు 1970లో రాబర్ట్ జాన్సన్‌తో కలిసి, విభజనలో వేర్వేరు దశల్లో ఉన్న హీలా కణాలను జోడించి, ఒక దశ మరో దశను ఎలా ప్రేరేపిస్తుందో చూపారు. కణ విభజన అధ్యయనంలో ఇప్పటికీ పేరు చెప్పుకునే ప్రయోగమది. మన పాఠానికి కావలసింది మాత్రం ఆర్‌ఎన్‌ఏ కథ.

1975లో, బాల్టిమోర్‌కు గంట ప్రయాణ దూరంలో ఉన్న బెథెస్డాలో, బెర్నార్డ్ మాస్ బృందం హీలా కణాల సందేశ ఆర్‌ఎన్‌ఏలో మిథైల్ గుర్తులను వివరించింది. ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు ఈ రంగం మందకొడిగా నడిచింది. గుర్తు ఉందని తెలుసు, ఎందుకుందో తెలియదు. తెలుసుకునే పరికరాలూ లేవు. 1997లో క్లీవ్‌లాండ్‌లో బొకార్, రాట్మన్, వారి సహచరులు గుర్తును రాసే ఎంజైమ్‌లోని ముఖ్య భాగాన్ని గుర్తించారు. ఈనాడు మెటిల్3 అని పిలిచేది అదే. దాన్ని శుద్ధి చేయడానికి వాడినది హీలా కణాల కేంద్రకాల నుంచి తీసిన ద్రవం. 2011లో షికాగోలో చువాన్ హే బృందం ఎఫ్‌టీఓ ఈ గుర్తును చెరపగలదని చూపింది. రాసిన గుర్తును చెరిపే వీలుందంటే అది కణం నిర్ణయాల్లో భాగమని అర్థం. అప్పుడు గానీ ప్రపంచం ఈ రంగం వైపు తిరిగి చూడలేదు. 2014లో వైటీహెచ్‌డీఎఫ్2 పనిని వివరించినప్పుడు కూడా అదే బృందం వాడినది హీలానే.

ఇందులో ఒక విచిత్రం గమనించారా? ఆర్‌ఎన్‌ఏ సవరణలకూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ సంబంధం ఏమిటని శాస్త్రవేత్తలు 2017 ప్రాంతంలో అడగడం మొదలుపెట్టారు. కానీ 1975 నుంచీ వాళ్ల చేతిలో ఉన్నది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణమే. నలభై ఏళ్లు దాన్ని ‘మానవ కణం’ అన్నారే తప్ప ఒక స్త్రీని చంపిన కణితిగా చూడలేదు. పరికరం అయిపోయిన వస్తువు మీద మనిషి జాడ ఎంత తొందరగా చెరిగిపోతుందో చెప్పడానికి నాకు దీనికంటే మంచి ఉదాహరణ కనబడలేదు.

వైరస్, నకలు, గుర్తు

ఈ క్యాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. దీన్ని హెచ్‌పీవీ అంటాం. జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో హెచ్‌పీవీ 16ను, 1984లో హెచ్‌పీవీ 18ను ఈ కణితుల్లో గుర్తించింది. రెండోది హీలా కణాల్లోనూ దొరికింది. హెన్రియెట్టాకు జబ్బు ఎందుకు వచ్చిందో ఆమె పోయిన ముప్పై మూడేళ్లకు తెలిసిందన్నమాట. జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

వైరస్ డీఎన్‌ఏ కణంలో ఉండటం ఒక్కటే నేరానికి రుజువు కాదు. అది పని చేస్తున్నదని చూపాలి. ఆ రుజువు ఆర్‌ఎన్‌ఏ నుంచి వచ్చింది. 1985లో అదే జర్మన్ బృందం క్యాన్సర్ కణాల్లో వైరస్‌కు చెందిన ఈ6, ఈ7 అనే రెండు జన్యువుల నకళ్లు తయారవుతున్నాయని చూపింది. ఈ6 ప్రొటీన్ కణానికి కాపలా కాసే పీ53ని నాశనం చేయిస్తుంది. ఈ7 విభజనకు అడ్డుకట్టగా ఉండే ఆర్‌బీ ప్రొటీన్‌ను పక్కకు నెడుతుంది. కాపలా పోయింది, అడ్డుకట్ట తెగింది. ఏళ్ల తరబడి ఇలా సాగితే కణితి అవుతుంది. ఈ నకళ్లను వెతికే పరీక్ష ఇప్పుడు వాడుకలోనే ఉంది. అమెరికా ఔషధ సంస్థ 2011లో ఒకదానికి అనుమతి ఇచ్చింది.

ఇప్పుడు గుర్తుల దగ్గరికి రండి. 2019లో అమెరికాలో ఒక బృందం హెచ్‌పీవీ 16 నుంచి వలయాకారపు ఆర్‌ఎన్‌ఏ ఒకటి పుడుతుందని, దాని మీద ఎం6ఏ గుర్తు ఉందని, దాని నుంచి ఈ7 ప్రొటీన్ తయారవుతుందని చూపింది. ఈ7 సందేశ ఆర్‌ఎన్‌ఏ మీది గుర్తును ఐజీఎఫ్2బీపీ1 చదివి ఆ నకలును కాపాడుతుందని చైనా పరిశోధకులు చూపారు. పరాయి దస్తావేజు మీద మన కార్యాలయం వాళ్లే ‘భద్రపరచాలి’ అని ముద్ర వేసినట్టు ఉంది ఈ వ్యవహారం.

కణం సొంత నకళ్ల సంగతి ఇంకా చిక్కు. 2017లో వచ్చిన ఒక అధ్యయనం కణితుల్లో ఎం6ఏ గుర్తులు తగ్గాయని, తగ్గినకొద్దీ జబ్బు ముదిరిందని చెప్పింది. 2020లో వచ్చిన మరొకటి, గుర్తును రాసే మెటిల్3 కణితుల్లో ఎక్కువగా ఉందని, అది చక్కెరను వేగంగా వాడుకునేలా కణాన్ని నడిపిస్తుందని చెప్పింది. ఒకరు గుర్తు తగ్గడం ప్రమాదమంటే మరొకరు రాసేవాడు పెరగడం ప్రమాదమన్నారు. పరీక్షలో ఈ రెండింటిలో ఏది సరైనదని అడిగితే ఏం రాస్తారు? తొందరపడి ఒకదాన్ని కొట్టేయకండి. మొత్తం గుర్తుల లెక్క వేరు, ఫలానా నకలు మీది గుర్తు వేరు. కార్యాలయంలో మొత్తం ఎర్ర సిరా వాడకం తగ్గినా, ఒక ముఖ్యమైన దస్త్రం మీద గుర్తు పెరగవచ్చు. పైగా, ఇందాక చెప్పినట్టు, గుర్తు ఫలితం చదివే ప్రొటీన్‌ను బట్టి మారుతుంది. ఈ రంగంలో ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పేవాళ్లను నమ్మకపోవడం మంచిది.

చికిత్స దగ్గర ఆగుదాం, ఎందుకంటే మన ప్రాంతానికి సూటిగా తగిలేది ఇదే. మన దేశంలో ఈ జబ్బుతో వచ్చే స్త్రీలలో చాలామంది ముదిరిన దశలో ఆసుపత్రికి చేరతారు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు ఉంటారు. ఆ దశలో శస్త్రచికిత్సకు వీలుండదు. రేడియేషన్, దానితోపాటు సిస్‌ప్లాటిన్ మందు ఇస్తారు. 1999లో అయిదు పరీక్షల ఫలితాలు ఒకేసారి వచ్చాక ఇది ప్రపంచమంతటా పద్ధతి అయింది. కొందరి కణితి దీనికి లొంగుతుంది, కొందరిది లొంగదు. ఎందుకు? 2018లో చైనా బృందం ఒకటి ఈ ప్రశ్నకు ఒక జవాబు ఇచ్చింది. చెరిపే ప్రొటీన్ ఎఫ్‌టీఓ ఎక్కువగా ఉన్న కణితుల్లో బీటా-కెటెనిన్ నకలు మీది గుర్తు చెరిగిపోతుంది, ఆ ప్రొటీన్ పెరుగుతుంది, దాని వల్ల డీఎన్‌ఏను బాగుచేసే యంత్రాంగం చురుకవుతుంది. రేడియేషన్, సిస్‌ప్లాటిన్ రెండూ డీఎన్‌ఏను దెబ్బతీసే పనిముట్లే కనుక, కణం ఆ దెబ్బను మాన్పుకుని బతుకుతుంది. ఇది నిలబడితే, చికిత్సకు ముందే ఎఫ్‌టీఓ కొలిచి ఎవరికి ఏ చికిత్స అన్నది కొంత తేల్చవచ్చు. ఇంకా ఆ రోజు రాలేదు.

మందుల వైపు మరో మాట. 1957 నాటి పాత మందు ఫ్లోరోయురాసిల్ డీఎన్‌ఏ తయారీని ఆపుతుందని పుస్తకాల్లో ఉంటుంది. అది ఆర్‌ఎన్‌ఏలోకి కూడా దూరి, స్యూడోయురిడిన్ తయారు చేసే ఎంజైములను కట్టిపడేస్తుంది. అంటే ఆర్‌ఎన్‌ఏ సవరణలను తాకే మందు, ఆ సంగతి తెలియకముందు నుంచే వార్డుల్లో ఉంది. మెటిల్3ని కావాలని ఆపే తొలి మందు ఎస్‌టీసీ-15 మాత్రం 2022లో మనుషుల మీద పరీక్షకు వచ్చింది. అది వివిధ గడ్డల మీద పరీక్ష. ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్సగా ఇంకా రాలేదు.

మేడ్చల్ స్త్రీలు

సికింద్రాబాద్ నుంచి ఉత్తరంగా నాగపూర్ రహదారి మీద పోతే మేడ్చల్ వస్తుంది. ఇప్పుడు నగరంలో కలిసిపోయినట్టే ఉంది కానీ 2000 ప్రాంతంలో అది ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు ఉన్న పల్లె మండలం. అక్కడి మెడిసిటీ ప్రాంగణంలోని షేర్ ఇండియా సంస్థ, హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం కలిసి మన ప్రాంతంలో హెచ్‌పీవీ మీద పని చేశాయి. అవును, హెన్రియెట్టా లాక్స్ చికిత్స పొందిన హాప్కిన్సే. అక్కడి నుంచి వచ్చినవాళ్లలో ఈ వైరస్ పరిశోధనలో పెద్ద పేరున్న కీర్తి షా ఉన్నారు.

2005లో వెలువడిన వాళ్ల వ్యాసం ఆంధ్రప్రదేశ్‌లోని 41 కణితుల్లో, 185 మంది సాధారణ స్త్రీలలో వైరస్ రకాలను పోల్చింది. ప్రమాదకర వైరస్ ఉన్న కణితుల్లో మూడింట రెండు వంతుల వాటిలో ఉన్నది హెచ్‌పీవీ 16. దాదాపు అయిదింట ఒక వంతులో హెచ్‌పీవీ 18. మనకు ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. పైన చెప్పిన ఈ7 వలయం హెచ్‌పీవీ 16కు చెందినది. హీలాలో ఉన్నది హెచ్‌పీవీ 18. అమెరికాలో, చైనాలో పాత్రల్లో పెంచిన కణాల కథ తెలంగాణ పల్లెల స్త్రీలకు వర్తిస్తుందా అని అడిగితే, వైరస్ వరకైతే వర్తిస్తుందని చెప్పడానికి ఆధారం ఇక్కడి స్త్రీలే ఇచ్చారు.

తర్వాత అదే మండలంలో రెండు వేలకు పైగా స్త్రీలను పరీక్షించి పాప్ పరీక్ష, హెచ్‌పీవీ పరీక్ష, వెనిగర్ లాంటి ఆమ్లం పూసి కంటితో చూసే పరీక్ష, ఈ మూడింటినీ పోల్చారు. 2010లో ఫలితాలు వచ్చాయి. చవకైనదని అందరూ ఆశ పెట్టుకున్న కంటి పరీక్ష ఎక్కువ జబ్బును వదిలేసింది. పల్లెకు ఏది తక్కువ ఖర్చో అదే చాలునన్న వాదన అంత తేలిక కాదని తేలింది.

ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఉస్మానాబాద్ జిల్లాలో జరిగిన పరీక్ష ఇంకా పెద్దది. 1,31,746 మంది స్త్రీలు. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఈ జబ్బు మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2009 ఏప్రిల్‌లో తేలింది. పరీక్ష చేసిన వర్గంలో 34 మరణాలు, ఏ పరీక్షా చేయని వర్గంలో 64. ఈ రెండో సంఖ్యను మరోసారి చదవండి. మేలు రుజువు కావాలంటే పోల్చడానికి ఒక వర్గం కావాలి, నిజమే. కానీ పాప్ పరీక్ష ఉపయోగం అప్పటికే లోకానికి తెలిసి దశాబ్దాలైంది. ఏ పరీక్షా చేయని వర్గాన్ని అలా ఉంచడం న్యాయమేనా అన్న వివాదం తర్వాత గట్టిగానే నడిచింది.

ఖమ్మం, 2009

సికింద్రాబాద్‌లో రాత్రి మణుగూరు బండి ఎక్కితే తెల్లవారేసరికి భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగవచ్చు. ఉస్మానాబాద్ ఫలితాలు వచ్చిన మూడు నెలలకు, 2009 జూలైలో, ఆ ప్రాంతంలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. 10 నుంచి 14 ఏళ్ల బాలికలు, దాదాపు 14 వేల మంది. టీకా పేరు గార్డసిల్. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇలాంటిదే మరో టీకాతో నడిచింది.

టీకా మంచిదే. ఇది మొదట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ తప్పుగా అర్థమవుతుంది. హెచ్‌పీవీ 16, 18లను అడ్డుకునే టీకా ఈ6, ఈ7 నకళ్లు అసలు పుట్టకుండానే చేస్తుంది. నకలే లేనప్పుడు గుర్తుల గొడవే లేదు.

తప్పు మరోచోట జరిగింది. బాలికల్లో చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవాళ్లు. తల్లిదండ్రులు ఊళ్లలో. టీకా తీసుకున్న బాలికల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు. 2010 మార్చిలో సమా అనే మహిళా ఆరోగ్య సంస్థ భద్రాచలం వెళ్లి వచ్చాక విషయం దేశమంతా పాకింది. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపింది. విచారణ కమిటీ ఆ మరణాలకు టీకా కారణం కాదంది. పురుగుమందు, నీటిలో మునగడం, పాముకాటు, మలేరియా లాంటి కారణాలు తేలాయి. రాస్ పరిశోధనకు వందేళ్లు దాటాక కూడా ఆ జాబితాలో మలేరియా ఉంది.

అనుమతి పత్రాలు చూసినప్పుడు మాత్రం వేరే చిత్రం కనబడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న ఇచ్చిన నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాల లెక్క ఉంది. వాటిలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. పిల్ల కన్నవాళ్లు కాదు. కాగితంలో ఏముందో తల్లికి ఎవరు చదివి వినిపించారు? ఏ భాషలో? కోయ మాట్లాడే ఇంటికి తెలుగు పత్రం కూడా పరాయి పత్రమే.

నిర్వాహకులు ఇది క్లినికల్ పరీక్ష కాదని, అప్పటికే దేశంలో అనుమతి ఉన్న టీకాను ఎలా అందించాలో చూసే ప్రదర్శన ప్రాజెక్టు అని చెప్పారు. స్థాయీ సంఘం ఒప్పుకోలేదు. పేరు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, క్లినికల్ పరీక్ష అంటే చట్టం వస్తుంది. బీమా, దుష్ఫలితాల నమోదు, పకడ్బందీ అనుమతి అన్నీ తప్పనిసరి అవుతాయి. ప్రాజెక్టు అంటే ఆ బరువు ఉండదు. ఆధునిక చరిత్రలో ఒక పనికి పెట్టే పేరు దాన్ని ఏ నిబంధనల కిందికి తెస్తుందో మీరు భూసంస్కరణల పాఠాల్లోనూ చూసే ఉంటారు.

మూల్యం ఎవరు చెల్లించారో కూడా చూడాలి. సర్వత్రా టీకా ఇచ్చే ఆలోచన దేశంలో ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. రాష్ట్రమంతటా టీకా వేసిన సిక్కిం 2018లో గానీ రాలేదు. పుణె సంస్థ తయారు చేసిన దేశీయ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. అదే 2022లో దేశంలో ఈ జబ్బు కొత్తగా వచ్చిన స్త్రీలు 1,27,526 మంది, చనిపోయినవాళ్లు 79,906 మంది అని అంతర్జాతీయ అంచనా. అనుమతి పత్రం సరిగా నింపించకపోవడం చిన్న కార్యాలయ లోపం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: టీకా వల్ల ఎవరూ చనిపోలేదని విచారణ తేల్చాక కూడా ఖమ్మం ప్రాజెక్టును తప్పుపట్టవచ్చా? మీ జవాబును పది వాక్యాల్లో రాయండి. ‘ఫలితం మంచిదైతే అనుమతి అడగకపోయినా ఫరవాలేదు’ అన్న వాదనను హీలా కణాల విషయంలో కూడా పెట్టి చూడండి.

ఒకే నెల

2013లో ఒక యాదృచ్ఛికం ఉంది. ఆ ఏడాది మార్చిలో జర్మనీ శాస్త్రవేత్తలు హీలా జన్యుక్రమం మొత్తాన్ని బహిరంగంగా పెట్టేశారు. హెన్రియెట్టా వారసులను అడగలేదు. జన్యుక్రమం బయటపడితే ఆమె మనవల ఆరోగ్య రహస్యాలు కూడా కొంత బయటపడతాయి. అభ్యంతరాలు వచ్చాక దాన్ని తొలగించారు. ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఆ కుటుంబంతో ఒప్పందం చేసుకుంది. క్రమాన్ని వాడుకోవాలంటే దరఖాస్తు పెట్టాలి, దాన్ని పరిశీలించే బృందంలో కుటుంబ సభ్యులు ఉంటారు. అదే నెల చివర మన పార్లమెంటు సంఘం ఖమ్మం నివేదికను సభ ముందుంచింది. బాల్టిమోర్ కుటుంబానికీ భద్రాచలం కుటుంబాలకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రెండు చోట్లా మధ్యలో ఉన్నది మాత్రం ఒకే జబ్బు.

ఆ తర్వాత మన దగ్గర నిబంధనలు కొంత మారాయి. 2013 నవంబరులో క్లినికల్ పరీక్షల్లో అనుమతి తీసుకునే తీరును దృశ్య శ్రవణ రూపంలో నమోదు చేయాలన్నారు. ఖమ్మం వ్యాజ్యంలో పార్లమెంటు సంఘం నివేదికను న్యాయస్థానం చూడవచ్చా అన్న ప్రశ్న రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. చూడవచ్చని 2018 మే 9న తీర్పు వచ్చింది. 2017లో వైద్య పరిశోధన మండలి ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 18 ఏళ్ల మధ్య వయసు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల సొంత సమ్మతి కూడా తీసుకోవాలి. భద్రాచలం హాస్టళ్లలోని బాలికలకు ఈ నియమం వర్తింపజేసి చూడండి. వార్డెన్ సంతకం చాలదు. తల్లి సంతకం ఒక్కటీ చాలదు. పదేళ్ల పిల్లను కూడా అడగాలి.

ఆర్‌ఎన్‌ఏ సవరణల పరిశోధనకు ఇక ముందు కావలసింది టీకా వేయించుకునే పిల్లలు కాదు, చికిత్సకు వచ్చిన స్త్రీల కణితి ముక్కలు. ముఖద్వార క్యాన్సర్ మీద ఇప్పటివరకు వచ్చిన ఎం6ఏ అధ్యయనాల్లో చాలా భాగం చైనా ఆసుపత్రుల రోగుల కణజాలంతో జరిగినవి. ఎఫ్‌టీఓ కొలిచి రేడియేషన్ పని చేస్తుందో లేదో ముందే చెప్పే పద్ధతి మన స్త్రీలకు సరిపోతుందా అన్నది తేలాలంటే మన ఆసుపత్రుల్లో జీవపరీక్షకు తీసిన ముక్కలో కొంత భాగాన్ని వెంటనే గడ్డకట్టించి దాచాలి. ఆర్‌ఎన్‌ఏ చాలా త్వరగా పాడైపోతుంది కనుక అప్పటికప్పుడే జరగాల్సిన పని ఇది. అంటే అనుమతి అడగాల్సింది ఆమె బల్ల ఎక్కక ముందే. దాచిన ముక్కను భవిష్యత్తులో ఇంకా తెలియని పరిశోధనకు వాడవచ్చా, వద్దనే హక్కు ఆమెకుందా, తర్వాత మనసు మార్చుకుంటే ఏం జరుగుతుంది అన్నవి అదే మార్గదర్శకాల ప్రకారం ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రాని స్త్రీ అయితే, ఆ వివరణ విన్న నిష్పాక్షిక సాక్షి ఒకరు ఆమె వేలిముద్ర పక్కన సంతకం చేయాలి.